బైలు

స్కోరు పుస్తకంల వికెట్ కీపర్‌కు గడి ఉండదు.
బౌలర్‌కు ఉంటది, బ్యాట్స్‌మన్‌కు ఉంటది,
వైడ్లకూ నోబాళ్ళకూ అడుగున తలా ఒక వరుస.
ఓదెలన్న పేర నేను ఇరవై రెండేండ్లు నింపింది
ఒక్క బైల గడి.
అంటే, ఆయన చేతులు దాటిపోయినవి.
ఆగినవి ఎన్నో ఎవడు రాసిండు?

కాజీపేట రైల్వే గ్రౌండుల పొద్దుగాల
మేము చాప పరిచి మేకులు కొడుతుంటే
ఆయన వికెట్ల వెనక గొంతుకూసోని ఉండేటోడు,
ఇంకా బంతే రాలె,
వాళ్ళ నాయిన మందమర్రి బాయిల
తక్కువ పొర కింద కూసున్నట్టు.
ఆ కూసునుడు ఇంట్ల నుంచి వచ్చింది.

కొలువు బదిలీ ఫిల్లరు.
ఎవడన్న నాగా పెడితే మస్టరు, లేకుంటే వాపసు.
ఆటల కూడ అంతే.
కాగజ్‌నగర్ పేపర్ మిల్లుకు రెండేండ్లు,
రామగుండం ఎరువుల కార్ఖానాకు మూడు,
వాళ్ళు గేటుకు తాళమేస్తే
కిట్టు భుజాన ఏసుకోని మళ్ళ బైలెల్లిండు,
పెద్దపల్లిల ఒక రైస్‌మిల్లు సేటు టీముకు.
దినానికి నలభై రూపాలు, పగటిపూట బగారన్నం.
గ్లౌజులు మాత్రం ఒక్కటే జత.
చిరిగిన కాడల్లా జమ్మికుంటల చెప్పులు కుట్టే
కనకయ్యతోని కుట్టించుకున్నడు,
ఆఖరికొచ్చేసరికి అసలు తోలు ఏదో
కనకయ్యకే తెలువాలె.

నోరు ఊకుండేది కాదు.
"ఏం పటేలా, మీ దిక్కు వానలు వడ్డయా?"
కరీంనగర్ ఓపెనరు మంచోడు.
బంతి తప్పినంక జవాబియ్యబోయిండు,
వెనక కాలు గీత మీద లేసింది.
స్టంప్డ్ అని రాసిన.
వానల ముచ్చట ఏ గడిల రాయాలె?

ఐతారం రాత్రి నర్సవ్వ
ఉప్పు మూటతోని వేళ్ళు కాపేది.
"నువ్వు బంతిని పడుతున్నవా,
బంతి నిన్ను పడుతున్నదా?"

తొంభై నాలుగుల పట్నం పిలిచింది.
సింగరేణి ప్యాసింజర్‌ల కిట్టు మీదనే కూసోని పోయిండు.
పన్నెండు దినాలు నెట్ల వెనక
పెద్ద పెద్దోళ్ళ బంతులు పట్టి పట్టి వాపసు విసిరిండు.
ఆఖరి దినం జాబితా గోడకు అతికిచ్చిండ్రు.
ఒకసారే చదివి, క్యాంటీన్‌కు పోయి
రెండు ఉస్మానియా బిస్కెట్లు తిన్నడట.
తెచ్చుకున్నది ఒక తువ్వాల, సంఘం ముద్రతోని.
ఉతికి ఉతికి ముద్ర పోయింది.
తువ్వాల ఉన్నది.

మొన్న హన్మకొండ రేషన్ దుకాణంల
వరుసల నా ముంగటనే నిలవడ్డడు.
వేలిముద్ర మిషను ఆయన్ను ఒప్పుకోలె.
"వేలు సాపుగ పెట్టు పెద్దాయనా" అన్నడు డీలరు.
"సాపుగుంటే ఇంకో పదేండ్లు ఆడుదును."
ఉంగరం వేలు బెల్లంపల్లిల ఇరిగింది,
చిటికెన వేలు భూపాలపల్లిల,
బొటన వేలు రెండుసార్లు, రెండూ ఒకే బౌలర్‌కు,
ఆ బౌలర్ మా తమ్ముడే.
ఎడమ చూపుడు వేలికి పచ్చ లైటు వెలిగింది.
ఇద్దరికి పన్నెండు కిలోల బియ్యం.

అప్పుడు చెప్పిన, ఇన్నేండ్లు నోట్లె నానిన మాట.
"అన్నా, పరకాల మ్యాచుల ఆ నాలుగు...
అవి లెగ్‌బైలు. ప్యాడుకు తాకి పోయినయి.
అంపైర్ కాలు తట్టి చూపిచ్చిండు, నేను చూసిన.
తలకాయ దించి రాసేటప్పుడు నీ గడిల పడ్డయి.
సెలక్టరు సాయంత్రం ఆ పుస్తకమే తీస్కపోయిండు."

సంచి మూతి ముడేసుకుంట
"ఏ పరకాల? రెండుసార్లు పోయినం గదా" అన్నడు.
సైకిలెక్కిండు.
కొంచెం దూరం పోయి, కాలు కింద పెట్టి ఆగి,
వెనకకు తిరగకుంటనే అన్నడు:
"తాకిన చప్పుడు నేను గూడ ఇన్న."